రాజనర్సు మంగళవారం

అల్ వక్రా దాటి ఉమ్ సయీద్ వైపు పోయే రోడ్డు పక్కన ఆ రోజుల్లో ఒక క్యాంప్ ఉండేది. గ్యాస్ ప్లాంటు కట్టే కంపెనీది. చమురు ధర ఆకాశాన్నంటి, ఎడారిలో ఎక్కడ చూసినా క్రేన్లు లేచిన కాలం అది. వరుసల మీద వరుసలుగా రేకుల గదులు, మధ్యలో ఇసుక, ఒక చివర వంటగది. మూడో వరుస చివరి గదిలో ఎనిమిది మంది మనవాళ్ళుండేవారు, అందరూ జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల తాలూకాల వాళ్ళు. ఊళ్ళో పెళ్ళాం పిల్లలు మాత్రం మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడనే చెప్పుకునేవారు. ఖతర్ అనడానికి ఎవరికీ నోరు తిరిగేది కాదు.

ఆ గదిలో వంట వంతుల మీద నడిచేది. మంగళవారం వంతు రాజనర్సుది. పొద్దంతా ఎండలో ఇనుము మోసి వచ్చి పొయ్యి ముందు నిలబడాలంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. తక్కినవాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు నడుం నొప్పో తల నొప్పో తెచ్చుకునేవారు. రాజనర్సు మాత్రం సోమవారం సాయంత్రమే ఉల్లిగడ్డలు ఒలిచి పెట్టుకునేవాడు. మంగళవారం డ్యూటీ బస్సు దిగగానే మొహమైనా కడగకుండా పొయ్యి వెలిగించేవాడు. కోడిగుడ్ల పులుసు వండి, గిన్నె మధ్యలో పెట్టి, ఒక్కొక్కరి పళ్ళెంలో తనే వడ్డించేవాడు. అందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తను తినేవాడు కాదు. గదిలో పెద్దవాడు లస్మయ్య, తాపీ మేస్త్రీ, వేళ్ళు నాక్కుంటూ ప్రతి మంగళవారం ఒకటే మాట అనేవాడు.

"తమ్మీ, నీ చెయ్యిల ఏదో ఉన్నది."

ఆ మాట కోసమే రాజనర్సు వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు. ఎందుకో గదిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ వంతే ఉండేది కాదు.

రాజనర్సు పటం కథ చెప్పుకునే ఇంట్లో పుట్టాడు. బారెడు వెడల్పు, పది బారల పొడుగు గుడ్డ మీద గళ్ళు గళ్ళుగా బొమ్మలు వేయించుకుని, ఊరూరా తిరిగి, దాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడే కులం. అందరికీ పాడరు. తమను పోషించే ఒక్క కులానికే పాడతారు. ఆ కులం పేరు నేను చెప్పను, చెబితే కథ వదిలేసి పేరు మీద కొట్లాటకు దిగేవాళ్ళున్నారు. వాళ్ళు ఇచ్చేవాళ్ళు, వీళ్ళు పుచ్చుకునేవాళ్ళు. ఏ ఊరు ఎవరి వంతో తాతల నాడే పంచుకున్నారు, దాన్ని మిరాశి అంటారు. కథ అయిపోయాక ఇచ్చే బియ్యానికీ పాత బట్టలకూ త్యాగం అని పెద్ద పేరు. రాజనర్సు తండ్రి పాడుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. తెల్లారి అదే ఆడవాళ్ళు మిగిలిన అన్నం పై నుంచి, చెయ్యి తగలకుండా, అతని గిన్నెలో వేసేవారు. చిన్నప్పుడు ఆ గిన్నె పట్టుకున్నది రాజనర్సే. రాజనర్సు ఇంట్లో వండింది మాత్రం ఆ కులంవాళ్ళు ముట్టరు.

అందుకే బొంబాయి ఏజెంటు దగ్గర అందరికంటే ముందు నిలబడ్డాడు. పాస్‌పోర్టులో కులం రాయరని తెలిసినప్పుడు కలిగిన సంతోషం విమానం ఎక్కినప్పుడు కూడా కలగలేదు. క్యాంప్‌కు వచ్చిన రోజు లస్మయ్య, మీరెవరు తమ్మీ అని ఆరా తీస్తే, ఎవుసం చేసుకునేటోల్లం అన్నాడు. లస్మయ్యా, మల్లన్నా, గదిలో తక్కిన వాళ్ళూ అందరూ ఎవరనుకున్నారు? ఏ కులం ముందు అతని తండ్రి పటం విప్పేవాడో ఆ కులమే. వేరే తాలూకాల వాళ్ళు కనుక మొహం గుర్తుపట్టలేదు. మొదటి మంగళవారం వాళ్ళు తన చేతి వంట తింటుంటే రాజనర్సు ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాడు. తిన్నారు, ఇంకొంచెం పెట్టమన్నారు. ఆ రోజు అతను పక్క ఎక్కి గోడవైపు తిరిగి ఏడ్చాడు, సంతోషంతోనే.

ఇక ఫిలిప్పీన్స్ వాళ్ళ సంగతి. వాళ్ళవి ఐదో వరుస గదులు. సాయంత్రమైతే గిటారు, పాటలు, నవ్వులు. మనవాళ్ళకు అదంతా కొంచెం వింతగా, కొంచెం ఈర్ష్యగా ఉండేది. వాళ్ళ గది ముందు ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో సన్నని పుస్తకాలు వేలాడదీసేవారు. కొమిక్స్ అనేవారు వాటిని. వాళ్ళ ఊళ్ళలో సందు చివరి కొట్లలో అలాగే తాడుకు వేలాడదీస్తారట, చిల్లర ఇచ్చి అక్కడే బల్ల మీద కూర్చుని చదివి తిరిగి తగిలించి పోతారట. ఇక్కడ చిల్లర బదులు ఒక సిగరెట్టు. పుస్తకాల యజమాని ఆర్సెనియో అనే వెల్డరు, పొట్టివాడు, ఎప్పుడూ పళ్ళు బయటపెట్టి ఉండేవాడు.

ఒక రోజు నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోతూ రాజనర్సు ఆ తాడు ముందు ఆగిపోయాడు. గాలికి ఒక పుస్తకం తెరుచుకుంది. గళ్ళు. గడిలో మనిషి, పక్క గడిలో అదే మనిషి ఏడుస్తూ, కింది గడిలో పడవ. వరుస కింద వరుస. తండ్రి పటాన్ని ఎవరో ముక్కలు ముక్కలుగా కోసి పుస్తకం కుట్టినట్టుంది. బిందె అక్కడే పెట్టేసి నిలబడ్డాడు. ఆర్సెనియో చూసి, క్యాంపులో అందరూ మాట్లాడే ముక్కల హిందీలో, చదువుతావా అన్నాడు. చదవడం రాదు, చూడడం వచ్చు అన్నాడు రాజనర్సు. ఆర్సెనియో సిగరెట్టు అడగకుండానే పుస్తకం చేతిలో పెట్టాడు.

ఆ శుక్రవారం ఇసుక గాలి లేచింది. అల్ వక్రా పోదామనుకున్నవాళ్ళు తలుపు బిడాయించుకుని గదిలో పడ్డారు. రేడియో గరగర తప్ప ఏమీ పలకడం లేదు. మల్లన్న అందరిలోకీ చిన్నవాడు, పెళ్ళయిన నెలకే వచ్చినవాడు, మంచం మీద మొహం కప్పుకుని పడుకున్నాడు. ఆ పిల్లవాడిని చూడలేకనో, చేతులు ఊరుకోకనో, రాజనర్సు దిండు కింది నుంచి కొమిక్స్ తీశాడు. మంచం అంచున కూర్చుని, వేలితో మొదటి గడి చూపించి, ఒక కథ చెప్తా వినమన్నాడు.

అందులో భాష ఒక్క ముక్క తెలియదు. బొమ్మలు చాలు. సముద్రం ఒడ్డున ఒక పిల్ల నోరు తెరిచి ఉంది, నీళ్ళలో చేపలు తల ఎత్తి ఉన్నాయి. అంటే పాట పాడితే చేపలు ఒడ్డుకొస్తాయన్నమాట. ఆ పిల్లకు గంగామణి అని పేరు పెట్టేశాడు. తరువాతి గడిలో పెద్ద మీసాల మనిషి చేతిలో శంఖం. వాడు దొర, ఇంకెవడు? ఆ పిల్ల గొంతు ఊడబెరికి శంఖంలో దాచేశాడు. ఆ పేజీ అయ్యేసరికి మల్లన్న దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. చివరి గడిలో గంగామణి నోరు తెరిచి ఉంది, చేపలు లేవు. దాని కింద పెద్ద అక్షరాలతో ఏదో రాసుంది.

"తర్వాత?" అన్నాడు లస్మయ్య.

తర్వాత ఏముందో రాజనర్సుకేం తెలుసు? ఆర్సెనియోను అడిగితే ఆ అక్షరాలు ఇతుతులోయ్ అన్నాడు, ఇంకా ఉంది అని అర్థం. తరువాతి పుస్తకం మనీలా నుంచి సెలవు ముగించుకుని వచ్చేవాళ్ళెవరో తేవాలి. గదిలో వాళ్ళకు ఆ మాట తెగ నచ్చేసింది. సగం కట్టిన గోడ దగ్గర ఫోర్‌మన్ అరిస్తే ఇతుతులోయ్ అనేవాళ్ళు, అన్నం ఉడకకపోతే ఇతుతులోయ్. పుస్తకం వచ్చేదాకా రాజనర్సు సొంతంగా అల్లేవాడు. గంగామణిని అడవి దాటించాడు, ముసలి చేపల మనిషి ఇంట్లో దాచాడు, దొర కుక్కలను వెంట పంపాడు. పక్క గదుల వాళ్ళు కూడా శుక్రవారం వచ్చి కింద కూర్చోవడం మొదలుపెట్టారు. తమ్మీ, రాజన్న, బావ అని ఎవరికి తోచిన వరస వాళ్ళు కలిపేసుకున్నారు. అతను దేన్నీ కాదనలేదు.

ఒక శుక్రవారం ఆర్సెనియో కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నాడు. భాష తెలియకపోయినా పుస్తకం అతనిదే కదా, వేలు ఏ గడి మీదుందో తెలుస్తూనే ఉంది. అయిపోయాక రాజనర్సు ముక్కల హిందీలో కథ విడమరిస్తే కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ మీసాలవాడు దుర్మార్గుడు కాదట, ఆ పిల్ల తండ్రట. గొంతు ఎవరూ తీయలేదట, తమ్ముణ్ణి ముంచేయొద్దని ఆ పిల్లే సముద్రానికి ఇచ్చేసిందట. మా దగ్గర అటువంటి మీసాలుంటే దొరే, తండ్రి కాదు అన్నాడు రాజనర్సు. ఆర్సెనియో ఆలోచించి, నీ కథే బాగుందని ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి గిటారు తెచ్చి, మనీలా ప్రేమ పాట ఒకదాని వరస నేర్పాడు. రాజనర్సు ఆ వరసలో గంగామణికి ఒక పల్లవి కట్టాడు. కథ మధ్యలో అతను పాడితే గదంతా వంత పలికేది. వెల్డింగు చేసే చేతులు గిటారు మీద, తాపీ పట్టే చేతులు తాళం మీద.

ఆర్సెనియో వాళ్ళన్న దోహాలో పెద్ద హోటల్లో పాడతాడు. వాళ్ళ బాబాయి మనీలాలో ఇటువంటి పుస్తకాల్లో మాటలు రాస్తాడు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించి, ఇది మా బాబాయి పేరు అన్నాడు. మా వీధిలో ఆయనంటే అందరికీ గౌరవం, నాకు ఆ విద్య అబ్బక వెల్డరునయ్యాను అని బాధపడ్డాడు. రాజనర్సు ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. మీ నాన్న ఏం చేస్తాడని ఆర్సెనియో అడిగితే, ఎవుసం అన్నాడు. ఆ అబద్ధం ఇతనికి కూడా ఎందుకు చెప్పానా అని తరువాత తనను తాను తిట్టుకున్నాడు.

ఆ చలికాలం ప్లాంటులో ఒక భాగం పూర్తయిందని కంపెనీ పండగ చేసింది. క్యాంప్ బాస్ ఫసీయుద్దీన్, హైదరాబాదు మనిషి, ప్రతి దేశం వాళ్ళూ ఏదో ఒకటి చేసి చూపించాలని హుకుం జారీ చేశాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళకు బ్యాండు ఉండనే ఉంది. మలయాళీలు నాటిక అన్నారు. మనవాళ్ళు, మా రాజన్న కథ చెప్తాడని రొమ్ము విరుచుకుని చెప్పారు. చిన్న పుస్తకం అంతమందికి కనపడదు కదా అని ఆర్సెనియో రెండు దుప్పట్లు కలిపి కుట్టి, పైపుల మీద గుర్తులు వేసే ఎర్ర, పసుపు, నల్ల రంగులతో గంగామణి కథంతా గళ్ళు గళ్ళుగా దించాడు. అడ్డంగా నాలుగు గళ్ళు, కింద మళ్ళీ నాలుగు. ఆఖరి గడిలో గంగామణి బండ మీద నిలబడి శంఖాన్ని రెండు చేతులా ఎత్తి ఉంది. బద్దలు కొడుతుందా లేదా అన్నది వచ్చే శుక్రవారానికి దాచుకున్నారు.

మెస్ హాల్లో ముందు ఫిలిప్పీన్స్ వాళ్ళు పాడారు. హాలంతా ఊగిపోయింది. ఇంగ్లిషు మేనేజరు లేచి ఆర్సెనియోతో చెయ్యి కలిపాడు. తరువాత దుప్పటి పటం పైనుంచి కిందికి జారి వేలాడింది. దాని మీద లైటు పడింది. రాజనర్సు చేతిలో కర్ర బదులు వెల్డింగు రాడ్డు, భుజం మీద తువ్వాలు. ఎదురుగా మొదటి వరుస మధ్యలో లస్మయ్య, చుట్టూ అతని కులంవాళ్ళు, బాసింపట్లు వేసుకుని.

గదిలో మంచం మీద కూర్చుని పుస్తకం చూపిస్తూ చెప్పడం వేరు. నిలువెత్తు పటం పక్కన నిలబడడం వేరు. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన పని, మనిషిని అడగకుండానే జరిగిపోతుంది. రాజనర్సు పటానికి వంగి దండం పెట్టాడు. రాడ్డు చంకలో ఇరికించాడు. తువ్వాలు తీసి రెండు చేతులా కొంగు పరిచి పట్టుకున్నాడు. కథకు ముందు తండ్రి ఏం చదివేవాడో అది గొంతులోంచి తన్నుకొచ్చింది. దాతల వంశం మూలపురుషుడి నుంచి, గోత్రాలు, ఇంటిపేర్లు, వాళ్ళు కట్టించిన చెరువులు, పెట్టిన అన్నం, ఒక్కటీ తప్పకుండా.

"మా తాతకు అన్నం పెట్టిన ఇంటికి, మా అయ్యకు బట్ట పెట్టిన చేతికి, మిరాశి బిడ్డ దండం" అని ముగించాక గాని తను ఏం చేశాడో అతనికి తెలియలేదు.

తువ్వాలు ఇంకా చాపే ఉంది. లస్మయ్య లేచాడు. అతని మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఎంతో బాగుండేది. కళ్ళ నిండా నీళ్ళు.

"నువ్వు మా పటపోల్ల పిలగానివారా? ఇన్ని దినాలు చెప్పకపోతివి. సముద్రం దాటినా మా పటం మమ్మల్ని ఎతుక్కుంట వచ్చింది" అన్నాడు.

జేబులోంచి ఒక నోటు తీసి తువ్వాల్లో వేశాడు. అతని వెనక మల్లన్న, మల్లన్న వెనక తక్కినవాళ్ళు. ఇది వీళ్ళ దేశంలో పాటగాడికి చేసే మర్యాద అనుకుని ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా వరుసలో నిలబడి వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆర్సెనియోనే. రాజనర్సుకు భూమి చీలితే బాగుండుననిపించింది. పటం విప్పాక కథ ఆపకూడదు, అది అతని తండ్రి నేర్పిన నియమం. చెప్పాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

వచ్చిన మంగళవారం బస్సు దిగి వంటగదికి పోతే పొయ్యి మీద అప్పటికే అన్నం ఉడుకుతోంది. మల్లన్న నిలబడి ఉన్నాడు. ఇవాళ నా వంతు కదా అన్నాడు రాజనర్సు. మల్లన్న కళ్ళు ఎత్తలేదు. పెద్దాయన చెప్పాడు, నువ్వు కూర్చో, మేం పెడతాం అన్నాడు. ఎప్పటిలా రాజన్న అని పిలవలేదు. గదికి పోతే లస్మయ్య ప్రేమగా పిలిచి కూర్చోబెట్టాడు. నువ్వు మా ఆశ్రయంలో ఉన్నవాడివి, నీ చేత వండించుకుంటే మాకు పాపం, మెస్ ఖర్చులో నీ భాగం కూడా ఇవ్వొద్దు, నీకు పెట్టడం మా ధర్మం అన్నాడు. మొదటి పళ్ళెం అతనికే పెట్టించాడు. పెట్టిన చోటు మాత్రం వరుసలో కాదు, తలుపు పక్కన. రాజనర్సు ఆ అన్నం తిన్నాడు. తినకపోతే ఏమంటారోనన్న భయం ఇంకా వదల్లేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళయితే తిట్టి తృప్తి పడేవాణ్ణి. కాదు. అతనికి జ్వరం వస్తే మాత్రలు తెచ్చారు. కొత్త చొక్కా కొని పెట్టారు. ఒక్క తమ్మీ అన్న పిలుపు మాత్రం లస్మయ్య నోటి నుంచి మళ్ళీ రాలేదు. పిలగా అనో, ఓయ్ అనో పిలిచేవాడు. వయసులో చిన్నవాడు మల్లన్న కూడా నువ్వు, రా, పో లోకి దిగిపోయాడు. దోహా హోటల్లో బిర్యానీ తినేటప్పుడు వండింది ఎవరని వీళ్ళలో ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. ఖుబూస్ రొట్టె ఎవరు కాల్చారో, మెస్ హాల్లో పప్పు ఎవరు వండారో ఎవరికీ అక్కర్లేదు. ఏ దేశంవాడి ఎంగిలి చేయికీ రాని మైల రాజనర్సు పులుసులోకి మాత్రం సముద్రం దాటి వచ్చేసింది. ఈ లెక్క ఏ బళ్ళో నేర్పుతారో నాకు తెలియదు.

గది మార్చమని ఫసీయుద్దీన్ దగ్గరికి పోయాడు. కొట్టారా అన్నాడు ఫసీయుద్దీన్. లేదు. తిట్టారా? లేదు. మరి? మంచిగా చూసుకుంటున్నారు సాబ్ అన్నాడు రాజనర్సు. ఫసీయుద్దీన్ పగలబడి నవ్వి, యల్లా, పనికి పో అని తరిమేశాడు.

ఆ తరువాతి మంగళవారం రాజనర్సు మల్లన్న కంటే ముందే బస్సు దిగి పరుగెత్తాడు. పొయ్యి పట్టుకుని అన్నం వండాడు, కోడిగుడ్ల పులుసు చేశాడు. గిన్నెలు తెచ్చి గది మధ్యలో పెట్టి, ఎనిమిది పళ్ళాలూ వరుసగా పరిచాడు. అందరూ వచ్చారు, చూశారు. లస్మయ్య కడుపులో బాగాలేదన్నాడు. మల్లన్న సైట్లో తిన్నానన్నాడు. ఒకడికి స్నానం గుర్తొచ్చింది, ఒకడికి మొక్కు గుర్తొచ్చింది. కాసేపటికి వంటగదిలోంచి తాలింపు వాసన వచ్చింది. మల్లన్న మళ్ళీ వండుతున్నాడు. సైట్లో తిన్నవాడు, కడుపు బాగాలేనివాడు అందరూ తిన్నారు. ఒక పళ్ళెం తెచ్చి తలుపు పక్కన కూడా పెట్టారు.

రాజనర్సు ఆ పళ్ళెం ముట్టలేదు. పటం కథ కోసం అందరూ శుక్రవారం దాకా ఆగలేకపోతున్నారని అతనికి తెలుసు. జ్వరం వల్ల గడిచిన శుక్రవారం కథ ఆగిపోయింది, గంగామణి ఇంకా బండ మీద శంఖం ఎత్తి నిలబడే ఉంది. లేచి నిలబడి, మొదటిసారి గొంతు పెంచి అన్నాడు.

"నేను వండింది తిన్నోనికే కథ చెప్త. ఒక్క ముద్ద తిన్నా చాలు. తినకుంటె గంగామణి ఆ బండ మీదనే ఉంటది."

లస్మయ్యకు అప్పుడు కోపం వచ్చింది. కథ చెప్పడం నీ ఇష్టం కాదు, మా హక్కు అన్నాడు. నీ అయ్య ఏనాడైనా ఇట్లా మాట్లాడాడా అన్నాడు. రాజనర్సు గిన్నెలు రెండూ ఎత్తుకుని ఐదో వరుసకు పోయాడు.

ఆర్సెనియో గదిలో పులుసు కారానికి అందరి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అయినా గిన్నె అడుగు దాకా తుడిచి తిన్నారు. అన్నం ఉచితంగా పెడుతుంటే నీకేం బాధ, మా దేశంలో పాటగాడికి తిండి పెట్టడం గొప్ప మర్యాద కదా అని ఆర్సెనియో నిజంగానే అడిగాడు. చెప్పాలని రాజనర్సు చాలా ప్రయత్నించాడు. క్యాంప్ హిందీలో డ్యూటీకి మాట ఉంది, డబ్బుకు ఫులూస్ అని మాట ఉంది, దీనికి లేదు. చివరికి, అక్కడ నా వంతు పోయింది అన్నాడు. ఆర్సెనియోకు అదైనా అర్థమైంది. అయితే ఇక్కడ మంగళవారం నీది అన్నాడు.

అలా రాజనర్సు మూడో వరుసలో పడుకుని ఐదో వరుసలో తినడం మొదలుపెట్టాడు. చేపల పులుసు నేర్చుకున్నాడు, కారం తగ్గించడం నేర్చుకున్నాడు. వాళ్ళ పాటలకు తాళం వేసేవాడు. కథ మాత్రం అక్కడ చెప్పలేదు. తెలుగు ముక్క రాని వాళ్ళకు ఏమని చెప్తాడు? అతని అన్నం తినేవాళ్ళకు అతని కథ తెలియదు, కథ తెలిసినవాళ్ళు అన్నం తినరు. ఇంతకంటే అన్యాయం ఇంకేముంటుంది? పాతబడిన పటాన్ని వాళ్ళ కులంలో మనిషి పోయినట్టే ఏడ్చి నీళ్ళలో కలుపుతారు. ఒక శుక్రవారం అతను ఆ దుప్పట్లను చుట్ట చుట్టుకుని అల్ వక్రా పోయి, చేపల పడవలు కట్టే చోట సముద్రంలో వదిలాడు. తోడు వచ్చిన ఆర్సెనియో, ఎందుకో తెలియకపోయినా, టోపీ తీసి నిలబడ్డాడు.

రెండేళ్ళకు లస్మయ్య మోకాళ్ళు పాడై మొత్తానికే ఇంటికి బయలుదేరాడు. అది మంగళవారం కావడం ఎవరూ అనుకుని చేసింది కాదు. సామాను గేటు దగ్గర పికప్‌లో ఎక్కించి, గదిలో వాళ్ళంతా అక్కడే నిలబడ్డారు. లస్మయ్య ఒక్కడే కుంటుకుంటూ ఐదో వరుస దాకా వచ్చాడు. రాజనర్సు అప్పుడే పులుసు దించి గదిలోకి తెచ్చాడు. లస్మయ్య గుమ్మం పట్టుకుని, లోపలికి రాకుండా అడిగాడు.

"ఆ పిల్లకు గొంతు వచ్చిందా లేదా? పానం కొట్టుకుంటున్నది. అదొక్కటి చెప్పు."

రాజనర్సు పళ్ళెంలో అన్నం పెట్టాడు. పులుసు పోసి, గుడ్డు వేసి, రెండు చేతులా పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చాడు.

"రెండు మెతుకులు నోట్లె ఏసుకో అన్నా. మొత్తం చెప్త. కూసోబెట్టి చెప్త."

లస్మయ్య పళ్ళెం వంక చూశాడు. పులుసు వాసన అతనికి తెలిసిందే, ఏడాది పైగా వేళ్ళు నాకి తిన్నదే. చెయ్యి కొంచెం లేచింది కూడా, రాజనర్సు కళ్ళారా చూశాడు. అప్పుడు లస్మయ్య మెడ తిప్పి గేటు వైపు చూశాడు. అక్కడ మల్లన్నా తక్కినవాళ్ళూ ఇటే చూస్తున్నారు.

"టైమైంది. విమానం ఉన్నది" అన్నాడు.

విమానం అర్ధరాత్రికి. అప్పటికి ఇంకా పొద్దు కూడా గుంకలేదు. లస్మయ్య కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. రాజనర్సు పళ్ళెం పట్టుకుని పికప్ కదిలేదాకా నిలబడి, లోపలికి వచ్చి, ఆ అన్నం తనే తిన్నాడు. గంగామణికి గొంతు వచ్చిందో లేదో మూడో వరుస వాళ్ళలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.